గ్రీకు పెళ్ళి పందేల్లో దేవుడి సాయం మోసమా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: సీత కోసం రాముడు విల్లు ఎక్కుపెట్టాడు, ద్రౌపది కోసం అర్జునుడు మత్స్యయంత్రం కొట్టాడు, ఇద్దరూ సొంత బలంతోనే గెలిచారు. గ్రీకు కథల్లో మాత్రం పెళ్ళికూతురి కోసం పందెంలోకి దిగినవాడి వెనక ఎవరో ఒక దేవుడుంటాడు. ఒక దేవుడు గుర్రాలిస్తాడు, ఒక దేవత బంగారు పళ్ళిస్తుంది, ఇంకో దేవుడు సింహాన్ని కాడికి కట్టి అప్పగిస్తాడు. ఇది మోసం కాదా? ఇలా గెలిచినవాణ్ణి వీరుడని ఎలా అన్నారు? అసలు ఆ అమ్మాయి ఇష్టం ఎవరికైనా పట్టిందా?

సూటిగా చెబుతాను. గ్రీకుల లెక్కలో దేవుడి సాయం మోసం కాదు. అవతలివాడి సారథికి ఆశ చూపి బండి చక్రం ఊడేలా చేయించడం మోసం. ఈ రెండింటి మధ్య గీత వాళ్ళకు చాలా స్పష్టంగా ఉండేది. అయితే దేవుడి సాయం ఉచితం కాదు, అది మొక్కు లాంటిది, తీర్చి తీరాలి. అందుకే ఈ కథలు పెళ్ళితో ఆగవు. పందెం గెలిచినవాడు ఆ తర్వాత ఏం చేశాడన్న దాని మీదే వాడి బతుకు, వాడి పిల్లల బతుకు ఆధారపడతాయి. ఇన్నేళ్ళుగా ఈ కథల్ని చదువుతూ, చెబుతూ వచ్చిన నాకు వాటిలో అన్నిటికంటే గట్టిగా కనిపించేది ఇదే.

ముందు పెళ్ళితో సంబంధం లేని ఒక చోటికి తీసుకెళ్తాను, ఎందుకంటే ఆ గీత అక్కడ బాగా కనబడుతుంది. ట్రాయ్ యుద్ధం మీద హోమర్ చెప్పిన కావ్యం ఇలియడ్ ఇరవై మూడో సర్గలో, చనిపోయిన తన స్నేహితుడు పట్రోక్లస్ అంత్యక్రియల సందర్భంగా వీరుడు అకిలీస్ ఆటల పోటీలు పెడతాడు. రథాల పందెంలో అందరికంటే మంచి గుర్రాలు యూమీలస్‌వి. దేవత అథీనా అతని రథం కాడి విరగ్గొడుతుంది. అతను కిందపడి మోచేతులు, నోరు, ముక్కు చెక్కుకుపోతాయి. ఆ మీదట ఆంటిలొకస్ అన్న మాట గమనించండి: "అతను దేవతలకు మొక్కుకోవాల్సింది, అప్పుడు చివర వచ్చేవాడు కాదు." అంటే దేవుడి జోక్యం ఆటలో భాగమే. దాన్ని తనవైపు తిప్పుకోవడం పోటీదారుడి పని.

అదే పందెంలో ఆంటిలొకస్ ఇరుకు దారిలో మొండిగా రథం తోలి మెనెలావస్‌ను వెనక్కి తగ్గేలా చేస్తాడు. దీన్ని మాత్రం మెనెలావస్ ఊరుకోడు. "గుర్రాల ముందు నిలబడి, కొరడా పట్టుకుని, గుర్రాల మీద చెయ్యి వేసి, కావాలని కపటంతో నా రథాన్ని అడ్డుకోలేదని పొసైడన్ మీద ప్రమాణం చెయ్యి" అంటాడు. పొసైడన్ సముద్రానికీ గుర్రాలకూ దేవుడు. ఆంటిలొకస్ ఆ ప్రమాణం చెయ్యలేక బహుమతి వదులుకుంటాడు. మనిషి చేసిన కపటం మీద ఫిర్యాదు ఉంది, దేవుడి ముందు విచారణ ఉంది. దేవత విరిచిన కాడి మీద అలాంటి విచారణ లేదు. కొంచెం సేపటికి పరుగు పందెంలో అథీనా సాయంతో ఒడిస్సియస్ గెలుస్తాడు, చిన్న ఎయాస్ పేడలో జారిపడతాడు. "దేవత నా కాళ్ళు తప్పించింది, ఆవిడ వాడికి తల్లిలా ఎప్పుడూ తోడుంటుంది" అని ఎయాస్ అంటే అందరూ నవ్వుతారు, అంతే. గెలుపు మాత్రం ఒడిస్సియస్‌దే.

ఇది మనసులో పెట్టుకుని పెలొప్స్ కథలోకి రండి. గ్రీకు పెళ్ళి పందేల్లో పెద్దది ఇదే.

పీసా రాజు ఓయినొమావస్. ఈ పీసా ఇటలీలో ఒరిగిన గోపురం ఉన్న ఊరు కాదు, పెలొపొనీస్ పడమటి వైపున ఒలింపియా పక్కనే ఉన్న పాత రాజ్యం. అతని కూతురు హిప్పొడామియా. పెళ్ళాడాలని వచ్చినవాడు అమ్మాయిని తన రథంలో ఎక్కించుకుని కొరింత్ భూసంధి దాకా, అంటే వంద కిలోమీటర్లకు పైగా, తోలుకుపోవాలి. తండ్రి ముందుగా దేవతల రాజు జ్యూస్‌కు పొట్టేలును బలి ఇచ్చి, తాపీగా ఆయుధాలు పట్టుకుని వెంటపడతాడు. అందుకున్నాడంటే ఈటెతో పొడిచి చంపి, తల నరికి ఇంటికి వేలాడగడతాడు. చచ్చినవాళ్ళు పదముగ్గురని కవి పిండార్ అంటాడు, మరో కథనంలో పన్నెండుగురు. ఇలా ఎందుకు చేశాడంటే, అల్లుడి చేతిలో చస్తాడని జోస్యం ఉందని కొందరు, సొంత కూతురి మీదే వాడికి కన్నుందని కొందరు చెప్పారు.

ఇక్కడ చాలామంది దృష్టికి రాని సంగతి ఒకటుంది. ఓయినొమావస్ గుర్రాలు మామూలువి కావు. యుద్ధదేవుడు ఏరిస్ ఇచ్చినవి. అంటే దేవుడి సాయాన్ని పందెంలోకి మొదట తెచ్చింది మామగారే. పోటీ పెట్టినవాడే ఎవరూ గెలవలేని పోటీ పెట్టాడు. అలాంటి చోట ఒట్టి మనిషి బలంతో దిగితే పదమూడు తలల పక్కన పద్నాలుగోది చేరుతుంది. పెలొప్స్ కూడా ఒక దేవుణ్ణి వెతుక్కోవడం పందెం తప్పించుకోవడం కాదు, పందాన్ని సమానం చెయ్యడం.

అతను దేవుణ్ణి ఎలా అడిగాడో పిండార్ చెప్పినంత అందంగా ఇంకెవరూ చెప్పలేదు. క్రీ.పూ. 476లో సిరక్యూజ్ పాలకుడు హియెరాన్ గుర్రం ఫెరెనికస్ ఒలింపియాలో గెలిచినప్పుడు రాసిన గీతం అది. పెలొప్స్ రాత్రి చీకట్లో ఒంటరిగా సముద్రం ఒడ్డుకు వెళ్ళి పొసైడన్‌ను పిలుస్తాడు. ఒకప్పుడు తనను ప్రేమించిన దేవుడాయన. మన మధ్య ఉన్న ఆ ప్రేమకు ఏమైనా విలువుంటే ఓయినొమావస్ ఈటెను ఆపు, నాకు వేగమైన రథమివ్వు అని అడుగుతాడు. ఆ వెంటనే అనే మాట, నా మటుకు నాకు, మొత్తం గ్రీకు సాహిత్యంలోనే గొప్ప మాటల్లో ఒకటి: పెద్ద ప్రమాదం పిరికివాణ్ణి ఒప్పుకోదు. ఎలాగూ చావాల్సినవాళ్ళమే అయినప్పుడు, చీకట్లో కూర్చుని పేరు లేని ముసలితనాన్ని ఊరికే మోయడం ఎందుకు? పొసైడన్ అతనికి బంగారు రథం, రెక్కలున్న అలుపెరగని గుర్రాలు ఇస్తాడు. పెలొప్స్ గెలుస్తాడు, హిప్పొడామియాను పెళ్ళాడతాడు, ఆరుగురు కొడుకులు పుడతారు. పిండార్ కథ అక్కడితో సరి.

ఈ కథకు రెండో వైపు ఉంది. హిప్పొడామియా పెలొప్స్‌ను చూసి మనసు పడింది. తండ్రి సారథి మిర్టిలస్ ఆమె మీద ఆశ పెట్టుకున్నవాడు, హెర్మీస్ దేవుడి కొడుకు. ఆమె అతణ్ణి ఒప్పించింది. చక్రం జారిపోకుండా ఇరుసు చివర పెట్టే కడసీలను అతను పెట్టకుండా వదిలేశాడని ఒక కథనం, లోహపు సీల తీసి మైనంతో చేసింది పెట్టాడని మరొకటి. పరుగు మధ్యలో చక్రం ఊడింది, ఓయినొమావస్ పగ్గాల్లో చిక్కుకుని ఈడ్చుకుపోబడి చచ్చాడు. సాయం చేస్తే హిప్పొడామియాతో ఒక రాత్రి గడపనిస్తానని పెలొప్స్ మాటిచ్చాడని యాత్రికుడు పౌసానియస్ విన్న కథ. మాట నిలబెట్టలేదు. మిర్టిలస్ ఆమె మీద చెయ్యి వేయబోతే పెలొప్స్ అతణ్ణి కొండ మీది నుంచి సముద్రంలోకి తోసేశాడు. మిర్టిలస్ పడిపోతూ పెలొప్స్ వంశాన్ని శపించాడు. ఆ సముద్రానికి ఇప్పటికీ మిర్టోవన్ సముద్రమనే పేరు.

ఆ శాపం తర్వాత వచ్చిన పేర్లు మీకు తెలిసే ఉంటాయి. పెలొప్స్ కొడుకు ఏట్రియస్ తన తమ్ముడికి అతని బిడ్డల మాంసమే వడ్డించాడు. ఏట్రియస్ కొడుకు అగమెమ్నాన్ కూతుర్ని బలిచ్చాడు, భార్య చేతిలో చచ్చాడు. ఆ భార్యను కొడుకే చంపాడు. సోఫొక్లీస్ నాటకం ఎలెక్ట్రాలో ఆడవాళ్ళ బృందం ఈ మొత్తం దుఃఖానికి మొదలు ఎక్కడంటే పెలొప్స్ రథం దగ్గర, మిర్టిలస్ సముద్రంలో మునిగిన రోజు అని పాడుతుంది.

ఒకే పందెం, రెండు రకాల సాయం. పొసైడన్ గుర్రాలతో గెలిచాడని చెప్పిన కథలో శాపం లేదు. సారథిని కొనేసి, ఆపైన అతణ్ణే చంపాడని చెప్పిన కథలో మూడు తరాల నెత్తురుంది. పిండార్ మిర్టిలస్ పేరే ఎత్తకపోవడం యాదృచ్ఛికమని నేననుకోను. ఒలింపియాలో గెలిచినవాణ్ణి పొగుడుతూ, ఒలింపియాలో పూజలందుకునే వీరుడు సారథిని కొని గెలిచాడని ఎలా పాడతాడు? ఒలింపియాలో స్టేడియానికి వెళ్ళే దారిలో జ్యూస్ కంచు విగ్రహాలు వరసగా ఉండేవి. పోటీల్లో అవినీతికి పాల్పడినవాళ్ళ జరిమానా డబ్బుతో చేయించినవి. క్రీ.పూ. 388లో థెస్సలీకి చెందిన యూపొలస్ అనే ముష్టియోధుడు ప్రత్యర్థులకు లంచమిచ్చిన వ్యవహారంతో అవి మొదలయ్యాయి. ఒలింపిక్ గెలుపు డబ్బుతో కాదు, కాళ్ళ వేగంతో, ఒంటి బలంతో సంపాదించాలని వాటిలో ఒకదాని మీద రాసి ఉండేదట.

ఆ ఒలింపియాలోనే జ్యూస్ గుడి తూర్పు ముఖం మీద, సుమారు క్రీ.పూ. 470, 456 మధ్య, ఈ పందెం మొదలవబోయే క్షణాన్నే చెక్కారు. మధ్యలో జ్యూస్, అటూ ఇటూ పెలొప్స్, ఓయినొమావస్, ఆడవాళ్ళు, రథాలు. ఇంకా ఎవరూ కదల్లేదు. ఆ శిల్పాలు ఇప్పుడు ఒలింపియా మ్యూజియంలో ఉన్నాయి, గ్రీసు వెళ్ళే అవకాశం వస్తే వాటి కోసమైనా వెళ్ళండి. ఇక గుర్రప్పందేల మైదానంలో ఒక గుండ్రని బలిపీఠం దగ్గర గుర్రాలు కారణం లేకుండా బెదిరేవని పౌసానియస్ రాశాడు. దానికి రకరకాల కారణాలు చెప్పేవారు. వాటిలో ఒకటి, పెలొప్స్ మిర్టిలస్ కోసం కట్టిన ఖాళీ సమాధి అక్కడుందని. మిర్టిలస్ తండ్రి హెర్మీస్ కోపం చల్లార్చడానికి పెలొప్స్ ఆయనకు గుడి కూడా కట్టించాడట. పందెంలో పుట్టిన బాకీ తీర్చడానికి అతను జీవితమంతా పడిన పాట్లు ఇవన్నీ.

ఇప్పుడు అడ్మీటస్. పెలొప్స్ కంటే నాకు ఈ కథ ఎక్కువ ఇష్టం, ఎందుకంటే ఇందులో దేవుడి సాయం బతిమాలితే రాలేదు, మంచితనానికి వచ్చింది. అపొలో దేవుడు సైక్లోప్స్ అనే ఒంటికంటి రాక్షసులను చంపినందుకు జ్యూస్ అతణ్ణి ఒక మనిషి దగ్గర జీతగాడిగా ఉండమని శిక్షించాడు. థెస్సలీలో ఫెరే రాజు అడ్మీటస్ ఇంట్లో అపొలో పశువులు కాశాడు. పనివాడి రూపంలో ఉన్న దేవుణ్ణి ఆ రాజు గౌరవంగా చూసుకున్నాడు. అప్పుడే పక్కనున్న ఇయోల్కస్ రాజు పీలియాస్ తన కూతురు ఆల్సెస్టిస్‌కు వరుణ్ణి వెతుకుతూ ఒక షరతు పెట్టాడు: సింహాన్నీ అడవిపందినీ ఒకే కాడికి కట్టి రథం తోలుకురావాలి. అపొలో వాటిని కట్టి అడ్మీటస్‌కు అప్పగించాడు. ఇక్కడ మనిషి చేసిన కపటం ఏమీ లేదు. ఎవరినీ కొనలేదు, ఎవరినీ చంపలేదు.

అయినా బాకీ తప్పలేదు. పెళ్ళినాటి బలుల్లో అడ్మీటస్ ఆర్టెమిస్‌ను మర్చిపోయాడు. పడకగది తలుపు తీస్తే లోపల పాముల చుట్టలు. ఆర్టెమిస్ ఎవరంటే అపొలో అక్క, కన్నెపిల్లల దేవత. పెళ్ళితో ఒక కన్నె ఆమె చేతిలోంచి వెళ్ళిపోతోంది, ఆ వీడ్కోలు సరిగ్గా చెప్పాలి. అపొలో మళ్ళీ అడ్డుపడి ఆమెను శాంతింపజేయమన్నాడు. అంతేకాదు, అడ్మీటస్ చావు ఘడియ వచ్చినప్పుడు అతని బదులు ఇంకెవరైనా ఇష్టపూర్వకంగా చనిపోతే అతను బతికేలా విధిదేవతలతో ఒప్పందం చేశాడు. అతని ముసలి తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నది ఆల్సెస్టిస్. దేవుడి సాయంతో వచ్చిన భార్య, దేవుడి ఇంకో సాయం వల్లే పోయింది.

యూరిపిడీస్ క్రీ.పూ. 438లో ప్రదర్శించిన నాటకం ఆల్సెస్టిస్‌లో దీని చివరి మలుపు ఉంది. అతిథిగా వచ్చిన జ్యూస్ కొడుకు హెరాక్లీస్ సంగతి తెలుసుకుని సమాధి దగ్గర మృత్యువుతో కుస్తీ పట్టి ఆమెను వెనక్కి తెస్తాడు. తిరిగొచ్చి ముసుగు వేసిన ఒక స్త్రీని అడ్మీటస్ ముందు నిలబెట్టి ఏమంటాడో చూడండి: "దారిలో పోటీలు జరుగుతున్నాయి. చిన్న పోటీలకు గుర్రాలు, మల్లయుద్ధం లాంటి పెద్ద వాటికి పశువులు, వాటితో పాటు ఒక స్త్రీ బహుమతి. నేను గెలిచి తెచ్చాను, నీ ఇంట్లో ఉంచుకో." ఇంకో ఆడదాన్ని ఇంట్లోకి రానివ్వనని భార్యకు మాటిచ్చిన అడ్మీటస్ ఒప్పుకోడు. చాలాసేపు బలవంతం చేశాక ముఖం తిప్పుకుని చెయ్యి చాస్తాడు. ముసుగు తీస్తే తన భార్యే. అంటే ఆల్సెస్టిస్ రెండుసార్లు పోటీలో గెలవబడిన పెళ్ళికూతురు, ఒకసారి సింహం, పంది మీద, ఇంకోసారి చావు మీద. మొదటిసారి గెలిచింది దేవుడు, రెండోసారి దేవుడి కొడుకు. అడ్మీటస్ చేసిందల్లా రెండుసార్లూ ఇంటికొచ్చినవాణ్ణి ఆదరించడమే. గ్రీకులు దాన్ని తక్కువగా చూడలేదు. ఇంకో మాట: పైన రథం విరిగి పడ్డాడని చెప్పిన యూమీలస్ ఈ ఇద్దరి కొడుకే. అతని గుర్రాలను పెంచింది అపొలో. తండ్రికి రథం తోలడానికి కలిసొచ్చిన దేవుడి దయ కొడుకు రథానికి ఆ రోజు సరిపోలేదు.

అటలాంటా కథ మీకు బాగా తెలుసు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. పెళ్ళి వద్దనుకున్న అమ్మాయి పరుగు పందెం పెట్టింది, ఓడినవాడికి చావు. హిప్పొమెనీస్‌కు ప్రేమదేవత అఫ్రొడైటీ మూడు బంగారు పళ్ళిచ్చింది, అతను ఒక్కొక్కటీ విసిరాడు, ఆమె ఏరుకుంటూ వెనకబడింది. హెసియడ్ పేరు మీద ఉన్న స్త్రీల జాబితా అనే కావ్యంలో కూడా ఈ పరుగు ఉంది, పపైరస్ ముక్కల్లో దొరికింది. అందులో కవి అంటాడు, ఇద్దరికీ పందెం సమానం కాదని: ఆమె పరిగెత్తింది అఫ్రొడైటీ కానుకల్ని కాదనడానికి, అతను పరిగెత్తింది ప్రాణం కోసం. రోమన్ కవి ఓవిడ్ ఈ కథను దేవత నోటితోనే చెప్పించాడు. మూడో పండు దగ్గర అమ్మాయి తటపటాయిస్తే తానే ఆమెను పక్కకు మళ్ళించాననీ, పండు బరువు కూడా పెంచాననీ ఆమె ఒప్పుకుంటుంది. ఆ తర్వాత వచ్చేదే అసలు ఫిర్యాదు: నాకు కృతజ్ఞత చెప్పాల్సింది కాదా, గుప్పెడు సాంబ్రాణి వెయ్యాల్సింది కాదా? హిప్పొమెనీస్ వెయ్యలేదు. దేవత వాళ్ళిద్దరికీ సిబిలీ అనే దేవత గుళ్ళో ఒళ్ళు తెలియని కోరిక పుట్టించింది, గుడి అపవిత్రమైంది, ఇద్దరూ సింహాలై సిబిలీ రథానికి కట్టుబడ్డారు.

పెనెలొపి విల్లు దగ్గర కొంచెం ఆగాలి. మీరు రాముణ్ణి, అర్జునుణ్ణి ప్రస్తావించారు కదా, గ్రీకు కథల్లో వాళ్ళకు దగ్గరగా వచ్చేది ఇదే. హోమర్ మరో కావ్యం ఒడిస్సీ ప్రకారం, యుద్ధానికి వెళ్ళిన ఒడిస్సియస్ ఏళ్ళ తరబడి తిరిగిరాకపోతే అతని భార్య పెనెలొపిని పెళ్ళాడాలని 108 మంది వచ్చి ఆ ఇంట్లో తిష్ట వేశారు. విల్లు ఎక్కుపెట్టి పన్నెండు గొడ్డళ్ళలోంచి బాణం దూసుకుపోయేలా కొట్టినవాణ్ణి చేసుకుంటానని పెనెలొపి ప్రకటించింది. ఆ ఆలోచన ఆమె మనసులో పెట్టింది అథీనా. ఆ రోజు అపొలో పండుగ, విలుకాళ్ళ దేవుడి పండుగ. పెళ్ళికొచ్చినవాళ్ళు విల్లుకు కొవ్వు రాసి, మంట దగ్గర కాచి, ఎంత వంచినా వంగలేదు. రేపు అపొలోకు మేకల్ని బలిచ్చి మళ్ళీ చూద్దామని వాళ్ళలో పెద్దతలకాయ ఆంటినొవస్ వాయిదా వేశాడు. మారువేషంలో తిరిగొచ్చిన ఒడిస్సియస్ మాత్రం, వీణకు తీగ బిగించే గాయకుడిలా, కూర్చున్నచోటే నారి ఎక్కించాడు. జ్యూస్ ఉరిమాడు. బాణం గొడ్డళ్ళన్నీ దాటింది.

దేవుళ్ళు ఇక్కడ అంతటా ఉన్నారు, కానీ నారి ఎక్కించింది ఒడిస్సియస్ చెయ్యే. తర్వాత జరిగిన పోరాటంలో కూడా అథీనా గెలుపును పూర్తిగా చేతిలో పెట్టకుండా, తండ్రీకొడుకుల బలాన్ని ఇంకా పరీక్షిస్తూ, వానకోయిలలా ఎగిరి పైదూలం మీద కూర్చుందని హోమర్ చెబుతాడు. సాయం చేసే దేవత కూడా కొంత పని మనిషికే వదిలేస్తుంది. ఇక బాకీ సంగతి. ఒడిస్సియస్ భార్యను గెలుచుకున్నాక ఇంట్లో హాయిగా కూర్చోడానికి లేదు. తెడ్డు భుజాన వేసుకుని, సముద్రమంటే ఏమిటో తెలియని జనం ఉన్న ఊరు వచ్చేదాకా నడిచి, ఆ తెడ్డును ఎవరైనా ధాన్యం తూర్పారపట్టే పనిముట్టు అనుకున్నచోట దాన్ని పాతి పొసైడన్‌కు బలివ్వాలి. సాయపడిన దేవతకే కాదు, కోపగించిన దేవుడికీ లెక్క చెప్పాలి.

ఆ విల్లు ఎక్కడిదో తెలిస్తే కథ ఇంకా చిక్కనవుతుంది. అది ఒకప్పుడు యూరిటస్‌ది. అపొలోనే విలువిద్యలో సవాలు చేసి ఆయన చేతిలో చచ్చినవాడని ఒడిస్సీ అంటుంది. ఇంకో సంప్రదాయంలో ఈ యూరిటసే తన కూతురు ఇయోలి కోసం విలువిద్య పోటీ పెట్టాడు: నన్నూ నా కొడుకుల్నీ ఓడిస్తే పిల్లనిస్తానని. హెరాక్లీస్ ఓడించాడు. తండ్రి మాట తప్పాడు, ఇదివరకు పిచ్చెక్కి సొంత బిడ్డల్ని చంపుకున్నవాడికి పిల్లనివ్వనన్నాడు. న్యాయంగా గెలిచినా పెళ్ళి జరగలేదు. హెరాక్లీస్ తర్వాత ఆ ఊరిని నేలమట్టం చేసి ఇయోలిని బందీగా తెచ్చాడు, ఆ అసూయతో భార్య పంపిన విషపు వస్త్రంతో తనే చచ్చాడు. ఒక తండ్రి మాట తప్పిన పోటీ తాలూకు విల్లు, యూరిటస్ కొడుకు ఇఫిటస్ చేతుల మీదుగా ఒడిస్సియస్‌కు చేరి, ఇంకో పోటీలో వంగింది.

తండ్రులు ఇంత కఠినంగా ఎందుకు ఉంటారంటే, నా అభిప్రాయంలో మూలం రాజ్యం. ఈ కథల్లో సింహాసనం చాలాసార్లు అల్లుడికే పోతుంది. పెలొప్స్‌కు పీసా వచ్చింది, హెలెన్‌ను చేసుకున్న మెనెలావస్‌కు స్పార్టా వచ్చింది. అల్లుడొచ్చాడంటే మామ పని అయిపోయినట్టే. అలాంటి భయం లేనప్పుడు పోటీ తేలిగ్గా ఉంటుంది. డానవస్ తన నలభై ఎనిమిది మంది కూతుళ్ళను పరుగు పందెం చివర నిలబెట్టి మధ్యాహ్నంలోపే అందరి పెళ్ళిళ్ళూ చేసేశాడని పిండార్ చెబుతాడు. అక్కడ దేవుడి అవసరమే రాలేదు.

చరిత్రలోకి వస్తే దేవుళ్ళు పూర్తిగా తప్పుకుంటారు. సిక్యాన్ పాలకుడు క్లయిస్తెనీస్ ఒలింపియాలో రథప్పందెం గెలిచి, నా కూతురు అగరిస్టెకు తగినవాణ్ణనుకున్నవాడు అరవై రోజుల్లో రావాలని ప్రకటించాడు. ఏడాదిపాటు అందరినీ ఇంట్లో పెట్టుకుని వ్యాయామం, మాటతీరు, భోజనం దగ్గర నడవడి చూశాడు. ముందున్న హిప్పొక్లైడిస్ చివరి రాత్రి బల్లెక్కి, తలకిందులుగా నిలబడి కాళ్ళతో నాట్యమాడి పెళ్ళి పోగొట్టుకున్నాడు. మెగక్లీస్‌కు పిల్లనిచ్చారు. ఏథెన్స్‌లో ప్రజాస్వామ్యానికి పునాది వేసిన, తాత పేరే పెట్టుకున్న క్లయిస్తెనీస్ వాళ్ళ కొడుకే. చరిత్రకారుడు హెరొడొటస్ చెప్పిన ఈ కథ మన జాతక కథల్లో హంసరాజు కూతురి స్వయంవరంలో సిగ్గు మర్చిపోయి నాట్యమాడి పిల్లను పోగొట్టుకున్న నెమలి కథకు ఎంత దగ్గరో పండితులు ఎప్పటి నుంచో చెబుతున్నారు.

ఇక అమ్మాయిల ఇష్టం. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చింది ఇదే. చాలా కథలు దాన్ని దాటేస్తాయి, కానీ కొన్ని దాని మీదే నిలబడతాయి. హెరాక్లీస్ భార్య డెయనీరాను మొదట అడిగినవాడు అకెలోవస్ నదీదేవుడు. ఒకసారి ఎద్దులా, ఒకసారి పాములా, ఒకసారి ఎద్దు ముఖమున్న మనిషిలా వచ్చేవాడు. వాడి పక్కలోకి వెళ్ళేకంటే ముందే చావు రావాలని ఆమె మొక్కుకునేది. హెరాక్లీస్ వచ్చి వాడితో కుస్తీ పట్టాడు. సోఫొక్లీస్ నాటకంలో ఆమె అంటుంది: ఆ పోరు ఎలా జరిగిందో నేను చెప్పలేను, భయం లేకుండా చూసినవాళ్ళు చెప్పాలి, నేను మాత్రం నా అందమే నాకు దుఃఖం తెస్తుందేమోనని వణుకుతూ కూర్చున్నాను. అదే నాటకంలో ఆ ఇద్దరి మధ్యా అంపైర్‌గా నిలబడింది అఫ్రొడైటీ అని బృందం పాడుతుంది. పోటీని బహుమతి వైపు నుంచి చూపించిన చోటు ఇంకోటి ఇంత బలంగా నేను చదవలేదు.

మర్పెస్సా కథలో అమ్మాయికే తీర్పు అప్పగించారు. పొసైడన్ ఇచ్చిన రెక్కల రథంలో ఇడాస్ ఆమెను ఎత్తుకుపోయాడు. ఆమెను అంతకుముందే కోరుకున్న అపొలో అడ్డం వచ్చాడు. మనిషి దేవుడి మీద విల్లెత్తాడు. జ్యూస్ ఇద్దరినీ విడదీసి, ఎవరు కావాలో నువ్వే చెప్పమని ఆమెను అడిగాడు. ముసలిదాన్నైతే దేవుడు నన్ను వదిలేస్తాడని ఆమె ఇడాస్‌ను ఎంచుకుంది. నలుడి రూపంలో వచ్చిన నలుగురు దేవుళ్ళలోంచి చెమట పట్టే, కళ్ళార్పే మనిషిని ఏరుకున్న దమయంతి మీకు ఇక్కడ గుర్తొస్తే అది సహజమే.

హిప్పొడామియా కూడా ఊరికే ఉండిపోలేదు. పెలొప్స్‌తో పెళ్ళి అయినందుకు కృతజ్ఞతగా పదహారు మంది స్త్రీలను పోగుచేసి, హేరా దేవత పేరున కన్నెపిల్లల పరుగు పందేలు మొదలుపెట్టిందని ఒలింపియాలో చెప్పుకునేవారు. మగవాళ్ళ స్టేడియంలోనే, పరుగు దూరం ఆరో వంతు తగ్గించి, జుట్టు విరబోసుకుని అమ్మాయిలు పరిగెత్తేవారు. గెలిచినవాళ్ళకు ఆలివ్ కిరీటం, హేరాకు బలిచ్చిన ఆవు మాంసంలో వాటా దక్కేవి. ఆ మొక్కును ఆమె తన చేతులతో తీర్చింది.

చదవడం మొదలుపెట్టాలనుకుంటే ఒడిస్సీ ఇరవై ఒకటో సర్గతో మొదలుపెట్టి, ఆ తర్వాత యూరిపిడీస్ ఆల్సెస్టిస్ చదవండి. పిండార్ గీతాన్ని మూడోదిగా పెట్టుకోండి. అది చిన్నదే అయినా కథ తెలిసినవాళ్ళ కోసం రాసింది కాబట్టి, పెలొప్స్ గురించి ఇంత తెలిశాక చదివితే ఎక్కడా తడబడరు.